నీడతోటల నేల, సేంద్రియపు ఎరువు

తెలుగులో ఎరువు అను మాటకు రెండర్థములున్నవి. ఒకటి, నేలకు వేయునది. రెండవది, ఒకరి వద్ద తెచ్చుకొని వాడుకొని తిరిగి ఇవ్వవలసిన వస్తువు. పెళ్లికి పొరుగింటి నగ తెచ్చుకొంటే అది ఎరువు సొమ్ము. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దలు హెచ్చరించినది ఈ రెండవ అర్థములోనే. ఈ రెండు మాటలకు మూలము ఒకటేనా, వేరువేరా అను చర్చను భాషాశాస్త్రజ్ఞులకు విడిచిపెడుదాము. రైతు దృష్టిలో మాత్రము అవి కలిసియే ఉన్నవి. పంట అనగా నేల వద్ద తెచ్చుకొన్న ఎరువు. దానిని తిరిగి ఇచ్చుటయు ఎరువే.

మేము తరగతిలో చెప్పునది తెలుగు. వ్యవసాయము మా శాఖ కాదు గదా, ఈ వ్యాసము మీకేల అని ఎవరైనను అడుగవచ్చును. మా విద్యార్థులలో కొబ్బరితోటల నీడన పెరిగినవారు, దింపుకు, వలుపుకు పోయే ఇళ్ల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారి చదువుకు ఫీజు కట్టునది ఆ నేలయే. దాని బలము పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలిసికొనుట ఏ శాఖవారికైనను అవసరమే.

ఈ పాఠమును కాఫీతో మొదలుపెట్టుదుము. కోనసీమ కాఫీసీమ కాదు. అరబికా కాఫీకి కొండల ఎత్తు, చల్లదనము కావలెను. మనది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల, సముద్రమునకు ఇంచుమించు సమమైన పల్లము. అయినను నీడలో పెరుగు పంటకు నేల ఎట్లు తిండి పెట్టునో చూపుటకు కాఫీని మించిన ఉదాహరణము లేదు. పైగా అది మనకు పరాయి పంట కూడ కాదు. ఆంధ్రదేశమున కాఫీ మొదట నాటబడినది 1898లో, ఒకప్పటి ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాకు చెందిన పాములేరు లోయలో. బ్రోడీ అను ఆంగ్లేయ అధికారి దానిని నాటించెనని చెప్పుదురు. అక్కడి నుండి అది విశాఖ మన్యమునకు, అరకు లోయకు ప్రాకినది. రాజమహేంద్రవరము దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కినవారు ఆ అడవులను చూచియే ఉందురు.

కాఫీ పుట్టినిల్లు ఇథియోపియాలోని అడవులు. అక్కడ అది మహావృక్షముల క్రింద, చెదరిన ఎండలో, రాలిన ఆకుల మెత్తనిపొరలో వేళ్లు పరచుకొని పెరిగిన చిన్నచెట్టు. అక్కడి నుండి ఎర్రసముద్రము దాటి యెమెను చేరి ఖహ్వా అయినది. ఈ మాట మా ఉర్దూ శాఖ మిత్రులకు కొత్త కాదు. 17వ శతాబ్దిలో బాబా బుడన్ అను సూఫీ సాధువు హజ్ యాత్ర నుండి మరలుచు యెమెనులోని మోఖా రేవు వద్ద ఏడు గింజలు సంపాదించి తెచ్చి, చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే ఉన్నది. గింజలు ఏడే కావచ్చును, ఎక్కువ కావచ్చును. గమనింపదగినది మరొకటి ఉన్నది. కాఫీ ఏ దేశమునకు వెళ్లినను తన అడవి అలవాటును వదలలేదు. భారతదేశములో దానిని నేటికిని ప్రధానముగా చెట్ల నీడలోనే పెంచుచున్నారు. నీడ పలుచనై కాండమునకు ఎండ తగిలిన చోటనే అరబికాను తెల్లకాండము తొలుచు పురుగు ఎక్కువగా పట్టుచున్నది.

నీడచెట్టు చేయు పని గొడుగు పట్టుట మాత్రమే కాదు. లోతు వేళ్లతో దిగువపొరలలోని పోషకములను పైకి లాగి, ఆకుల రూపమున రాల్చును. పైన ఆకు కప్పియుండుటచే వాన నేరుగా మన్నును కొట్టదు. కొండవాలున ఇది చిన్న ఉపకారము కాదు. అరకులో తోటలు ఎక్కువగా 900 నుండి 1100 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఒకనాడు పోడు వలన బోడియైన వాలులపై కాఫీని వ్యాపింపజేయుటకు కారణములలో ఈ మట్టి రక్షణయు ఒకటి. అక్కడ నీడకు ఆస్ట్రేలియా నుండి వచ్చిన సిల్వర్ ఓక్ చెట్టును విరివిగా నాటినారు. అది నిటారుగా త్వరగా పెరుగును, మిరియపు తీగకు ఆధారమగును, ముదిరిన తరువాత కలపయు వచ్చును. కాని దాని ఆకు బిరుసు. త్వరగా కుళ్లదు. బాడిద వంటి కాయధాన్యపు జాతి చెట్ల ఆకు మెత్తనిది, నత్రజని గలది, ఒక వర్షాకాలములోనే మట్టిలో కలిసిపోవును. మిరియపు ఆదాయమును చూచి సిల్వర్ ఓక్‌నే నమ్ముకొన్న తోటలో నాలుగు బాడిదలనో, పనస, మామిడులనో కూడ ఉంచుకొనుట మంచిదని మా అభిప్రాయము. ఒకే జాతి ఆకుతో నేలకు భోజనము పెట్టుట మనకు ఏడాది పొడుగునా ఒకే కూర వడ్డించినట్లుండును.

ఇప్పుడు అప్పు లెక్క చూతము. ఒక టన్ను శుద్ధమైన కాఫీగింజలకు సరిపడు పండ్లు తోటను విడిచి పోవునప్పుడు వాటితోపాటు సుమారు 35 కిలోల నత్రజని, 5 నుండి 7 కిలోల భాస్వరము, 40 నుండి 45 కిలోల పొటాషు తరలిపోవును. మన్యములోని గిరిజనుల తోటలలో ఎకరము దిగుబడి టన్నులో చిన్న పాలే గనుక వారి అప్పు చిన్నది. కాని ఏటేటా కూడుకొనునది. ఆకు రాలుట వలన ఈ అప్పు తీరదు. రాలిన ఆకు తోటలో ఉన్నదానినే తోటలో త్రిప్పును. బయటికి పోయినదానిని వెనుకకు తేలేదు.

వెనుకకు తేదగినది ఏది? మొట్టమొదటిది పండు తొక్కయే. నూరు కిలోల పండ్ల నుండి చివరకు దక్కు గింజలు 16 నుండి 20 కిలోలు. పల్పింగులో ఊడివచ్చు తొక్క, గుజ్జు నలుబది కిలోల పైమాటే. తోట నుండి పోయిన పొటాషులో గణనీయమైన భాగము దానిలోనే ఉన్నది. దానిని కుప్పగా పోసి వదిలినచో పులిసి దుర్గంధమగును. వాగులో కలిసినచో నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలను చంపును. అదే తొక్కను పేడతో, పచ్చిఆకుతో కలిపి కుళ్లబెట్టినచో నల్లని ఎరువగును. పండ్లను కేంద్రములకు తరలించి పల్పింగు చేయు చోట చిక్కు మరొకటి. గింజ నాణ్యత పెరుగుట నిజమే. కాని తొక్క కేంద్రములోనే మిగిలిపోవును, కొండమీది చెట్టు దానికై ఎదురుచూచుచుండును. పండ్లు దించిన బండి తిరుగుప్రయాణములో ఎరువు మోయు ఏర్పాటు ఉండితీరవలెను.

"కుళ్లబెట్టి" అను మాటను విద్యార్థులు అశ్రద్ధ చేయరాదు. పాఠమంతయు ఆ మాటలోనే ఉన్నది. మట్టిలోని సూక్ష్మజీవులకు బలము కర్బనము, దేహనిర్మాణమునకు నత్రజని. వాటికి సుమారు 24, 25 పాళ్ల కర్బనమునకు ఒక పాలు నత్రజని ఉన్న ఆహారము సరిపోవును. కొబ్బరిపొట్టు వంటి పదార్థములో ఈ నిష్పత్తి నూటికి పైబడి ఉండును. దానిని పచ్చిగా మట్టిలో కలిపినచో సూక్ష్మజీవులు కర్బనమును తినుటకు పూనుకొని, చాలని నత్రజనిని మట్టి నుండి లాగుకొనును. అంతవరకు మొక్కకు అందుచున్న నత్రజని వాటి పాలగును. మొక్క పసుపుబారును. రైతు "ఎరువు వేసితిని, మొక్క చెడినది, సేంద్రియమంతా వట్టిది" అనును. తప్పు సేంద్రియమునది కాదు, తొందరపాటుది. బయట కుప్పలో ఆ ఆకలి తీరిన తరువాత మట్టిలోనికి తెచ్చినది ఎరువు. తీరకముందు తెచ్చినది మరొక అప్పు.

ఈ శాస్త్రమునకు మన దేశముతో గట్టి బంధమున్నది. ఆల్బర్ట్ హోవార్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసాకు వచ్చినాడు. 1924 నుండి 1931 వరకు ఇందూరులో ఉండి, ఇక్కడి రైతుల అలవాట్లను, చైనా రైతుల పద్ధతులను పరిశీలించి కంపోస్టు తయారీకి ఒక క్రమము ఏర్పరచినాడు. యశ్వంత్ వాడ్ అను భారతీయ సహచరునితో కలిసి 1931లో దానిపై గ్రంథము ప్రకటించినాడు. చెత్త, పేడ, పశుమూత్రముతో తడిసిన మట్టి, కొద్దిగా కట్టెబూడిద పొరలు పొరలుగా వేయుట, తడి తగినంత ఉంచుట, గాలి ఆడుటకు మూడు తడవలు తిరగవేయుట, ఇంతే దాని రహస్యము. మూడు నెలలకు ఎరువు సిద్ధము. కుప్ప లోపల వేడిమి అరువది డిగ్రీలు దాటును గనుక కలుపు విత్తనములు, అనేక రోగక్రిములు అక్కడనే నశించును. ఈ పద్ధతిని ఆఫ్రికాలో మొదట అందుకొన్నది ఒక కాఫీతోటయే. కెన్యాలో నైరోబీ సమీపమున కింగటోరీ ఎస్టేటులో 1933లో ఆ పని మొదలైనది. అనగా ఇందూరు పశువులపాక వద్ద కూర్చిన విద్య రెండేండ్లలో సముద్రము దాటి కాఫీచెట్టు మొదలు చేరినది. మన పల్లెలలో మాత్రము పెంటపోగు నేటికిని ఎండకు ఎండి వానకు కడుగుకొనిపోవుచునే ఉన్నది.

అరకులో గత రెండు మూడు దశాబ్దులలో నాంది ఫౌండేషన్ పూనికతో గిరిజన రైతుల సహకార సంఘము పెద్దయెత్తున కంపోస్టు తయారీని చేపట్టినది. ఆ కాఫీ 2017లో పారిసు నగరములో తన పేరుతో దుకాణము తెరచినది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. వారు అనుసరించు బయోడైనమిక్ పద్ధతిలో ఆవుకొమ్ములో పేడ నింపి భూమిలో పాతుట వంటి విధులు కూడ కలవు. కొమ్ము మహిమను గూర్చి మేము వాదింపము. కుప్పలు పేర్చి, తడిపి, తిరగవేసి, చెట్టుచెట్టుకు మోసిన ఆ స్త్రీపురుషుల శ్రమయే ఆ ఫలితములో ఎక్కువ పాలు అని మాకు తోచుచున్నది.

కొండతోటలో ఎరువు వేయుటకును ఒక తీరున్నది. కాఫీకి తిండి తెచ్చు సన్నవేళ్లు పైపొరలోనే, ఒక అడుగు లోతులోపలే అల్లుకొనియుండును. గునపముతో లోతుగా త్రవ్వినచో ఎరువు ఇచ్చుచు నోరు కోసినట్లగును. వాలులో చెట్టుకు ఎగువవైపున అర్ధచంద్రాకారముగా మట్టిని పైపైన కదిపి, తట్టెడు ఎరువు పరచి, రాలుటాకుతో కప్పవలెను. దిగువన వేసినది మొదటి వానకే పొరుగువాని తోట చేరును. వరుసల నడుమ అక్కడక్కడ తొట్టివంటి గుంటలు త్రవ్వియుంచినచో పారునీరు, దానితో కొట్టుకొనివచ్చు ఆకు, మట్టి వాటిలో నిలిచి అవే చిన్న చిన్న ఎరువుగుంటలగును. ఎర్రమన్నులో ఆమ్లగుణము ఎక్కువైన చోట భాస్వరము ఇనుముతో, అల్యూమినియముతో ముడిపడి మొక్కకు అందదు. కుళ్లిన సేంద్రియపదార్థము ఆ ముడిని కొంత సడలించును. ఆమ్లము మరీ మిక్కుటమైనచో సున్నపు పదార్థము వేయక తప్పదు. ఆ పని కంపోస్టు ఒక్కటే చేయలేదు.

ఇక కొండ దిగి మన సీమకు వత్తము. అంబాజీపేట, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొబ్బరి క్రింద కోకో, అరటి, కంద, పసుపు పండించుట అందరెరిగినదే. కాఫీకి సిల్వర్ ఓక్ ఎట్లో కోకోకు కొబ్బరి అట్లు. కోకో కూడ అమెరికా ఖండపు అడవుల నీడలో పుట్టిన చెట్టే. కొబ్బరివేళ్లలో అధికభాగము మొదలు చుట్టు రెండు మీటర్లలోపలే ఉండును గనుక నడుమనున్న నేల ఖాళీయే. ముదురుతోటలో మట్టల సందుల నుండి వెలుతురు కావలసినంత దిగును. తోటకు తోట కలిసి పండుటకు ఇంతకన్న అనువైన అమరిక లేదు. కాని రెండు పంటల అప్పు ఒకే నేలపై పడును. కాయ దింపుదుము, డొక్కలను పీచు మిల్లుకు అమ్ముదుము, మట్టలను పొయ్యికో పాకకో పంపుదుము. కొబ్బరి అన్నిటికన్న ఎక్కువగా తీసికొనునది పొటాషు. అది మిక్కుటముగా ఉండునది డొక్కలోనే. మట్టలను తగులబెట్టినచో బూడిదలో పొటాషు మిగులును గాని నత్రజని, కర్బనము పొగయై పోవును.

పీచు మిల్లులో ఒక కిలో పీచుకు రెండు కిలోల పైన పొట్టు వచ్చును. ఆ పొట్టు తన బరువుకు ఐదారు రెట్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. సఖినేటిపల్లి, మలికిపురము, కాట్రేనికోన వైపు ఇసుకనేలలకు ఇంతకన్న కావలసినదేమి? అయినను అది దారుల ప్రక్కన గుట్టలుగా పడియుండును, ఎండకు నిప్పంటుకొని రోజుల తరబడి మసలును, వానకు గోధుమరంగు కషాయమై బోదెలలోనికి దిగును. పచ్చిగా వేయరాదని పైన చెప్పితిమి. దానికి ఉపాయమున్నది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతికి చెందిన ప్లూరోటస్ శిలీంధ్రము పొట్టులోని గట్టిపదార్థమైన లిగ్నిన్‌ను కూడ విరుగగొట్టగలదు. టన్ను పొట్టును నూరేసి కిలోల పొరలుగా పరచుచు, ఒక పొరపై శిలీంధ్రపు విత్తనము, మరొక పొరపై యూరియా చల్లుచు, మొత్తము 5 కిలోల యూరియాతో నీడలో కుప్ప వేసి తడి ఆరనీయకున్నచో సుమారు నెలదినములలో అది నల్లబడి చివుకును. కర్బన నత్రజనుల నిష్పత్తి 112 నుండి 24కు దిగునని పరిశోధనలు చూపినవి. యూరియా వద్దనువారు కోళ్లపెంట, గ్లైరిసిడియా ఆకు కలుపవచ్చును. కాలము కొంత ఎక్కువ పట్టును. ఉప్పునీట నానిన డొక్కల పొట్టును ముందుగా మంచినీట కడుగక తప్పదు.

ఇసుకనేలకు ఇంకొక సులభోపాయము, చెట్ల వరుసల నడుమ చాలు త్రవ్వి డొక్కలను బోలువైపు మీదికి ఉండునట్లు పేర్చి పూడ్చుట. అవి ఏండ్ల తరబడి తేమను పట్టియుంచి నెమ్మదిగా పొటాషును వదలును. కోకోకాయ డిప్పలను మాత్రము చెట్టుక్రింద వదలరాదు. నల్లకాయ తెగులుకు అవి నిలయమగును. వేడెక్కిన కంపోస్టు కుప్పలోనే వాటికి చోటు.

ఒక నిజము దాచరాదు. పది టన్నుల పశువుల గత్తములో ఉండు నత్రజని సుమారు 50 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నరలో అంతయు ఉన్నది. పది టన్నులను మోయుట కన్న రెండున్నర బస్తాలను మోయుట తేలిక అను రైతు తెలివితక్కువవాడు కాడు. పైగా ఇండ్లలో పశువులు తగ్గినవి, గత్తము కొనవలసి వచ్చుచున్నది. యూరియా విషమని మేము అనము. అది జీతము వంటిది, వచ్చిన నెలలోనే అయిపోవును. సేంద్రియపదార్థము ఇంటి క్రింది పునాది వంటిది. నీరు నిలుపుట, పోషకమును పట్టియుంచి కొద్దికొద్దిగా వదలుట, వానపాములకు తావిచ్చుట దాని పనులు. ఈ పనులకు ఫలితము మొదటి యేడు కనబడదు. రెండవ యేట సూచనలు, మూడవ యేట కాపు.

ఇక్కడనే అసలు చిక్కు. మూడవ యేట ఆ తోట ఎవరి చేతిలో ఉండును? కోనసీమలో సేద్యము అధికభాగము కౌలుమీద నడచుచున్నది. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినది. దాని ప్రకారము ఒప్పందపు గడువు పదునొకండు నెలలు. పదునొకండు నెలల కౌలుదారు మూడేండ్లకు ఫలించు ఎరువును ఏల వేయును? అతడు బస్తానే నమ్ముకొనును. అతనిని తప్పు పట్టుటకు మాకు నోరాడదు. 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిననాడు ధర, ఖర్చు, మురుగునీరు చర్చకు వచ్చినవి. నేల కూడ అలసిపోవునని చెప్పినవారు తక్కువ. మన్యములో 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందిన గిరిజనుడు ఈ విషయములో మన కౌలుదారుని కన్న మేలు. చెట్టు తనదని తెలిసినవాడు కొండపైకి తట్ట మోయును. భూస్వాములు కనీసము మూడేండ్ల మాట ఇచ్చుట, లేదా డొక్కలను, పొట్టును తోటకే వదలి ఆ మేరకు కౌలు తగ్గించుట, చట్టము మారువరకు ఆగకుండగనే చేయదగిన పనులు. తోటలున్న ఇండ్ల పిల్లలు ఈ మాటను ఇంట కదపవచ్చును.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. కళాశాల ఆవరణలో ఊడ్చిన ఆకును తగులబెట్టుట మాని, ఒక మూల పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంటకు స్థలము చూపవలెను. ఖర్చు ఒక తాటాకు పందిరి, రెండు పారలు. ఆకు, వంటగది చెత్త, దొరికినంత పేడ, ఒక కట్ట గ్లైరిసిడియా చాలును.

సైన్సు విద్యార్థులు ఆలోపల చిన్న పరీక్ష చేయవచ్చును. తొమ్మిది కుండీలలో ఒకే మట్టి నింపవలెను. మూడింటిని అట్లే ఉంచి, మూడింటిలో నాలుగవ వంతు పచ్చి కొబ్బరిపొట్టు, మూడింటిలో అంతే కుళ్లిన పొట్టు కలుపవలెను. అన్నిటిలో మొక్కజొన్న గింజలు వేయవలెను. పెసలు, మినుములు వద్దు. వాటి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని తెచ్చుకొనును గనుక తేడా తెలియదు. నీరు సమానముగా పోయుచు, ఏ కుండీలో ఏనాడు క్రింది ఆకు పసుపు తిరిగినదో తేదీతో సహా పుస్తకములో వ్రాసియుంచవలెను.